పట్వారీ దస్త్రం నుంచి క్లౌడ్ దాకా

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో భూమి తగాదా కోర్టుకెక్కిన నాడు అన్నిటికంటె ముందు వచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది: కాగితం ఎక్కడ? నూరు సంవత్సరాల క్రిందట ఆ కాగితం పట్వారీ ఇంటిలో, గుడ్డలో చుట్టిన దస్త్రంలో ఉండేది. తరువాత తాలూకా కచేరీ బీరువాలోకి, అక్కడినుంచి మండల కార్యాలయపు కంప్యూటరులోకి వచ్చింది. నేడు అది ఆ కార్యాలయంలో కూడ లేదు. దూరాన, వరుసలు తీరిన కంప్యూటర్లున్న ఒక భవనంలో విద్యుత్ సంకేతాల రూపంలో ఉన్నది. కాగితం ఉండే చోటు మారినకొద్దీ దానిని వెతికి పట్టుకొనే పద్ధతీ, పట్టుకొన్న తరువాత న్యాయమూర్తిని నమ్మించే పద్ధతీ మారుతూ వచ్చాయి.

ఎదుటి పక్షం చేతిలోనో, మూడవవారి చేతిలోనో ఉన్న పత్రాలను కోర్టు ద్వారా వెలికి తీయించడాన్ని న్యాయశాస్త్రం డిస్కవరీ అంటుంది. ఆ పత్రాలు కంప్యూటరు నిల్వలో ఉంటే అది ఎలక్ట్రానిక్ డిస్కవరీ. ఇది నిన్న మొన్న పుట్టిన శాస్త్రమని చాలామంది అనుకుంటారు. పేరు కొత్తదే కాని, ఇందులోని చిక్కులు చాలవరకు పాత పట్వారీ దస్త్రంలో అప్పటికే ఉన్నవి. ఈ రెండు జిల్లాల భూమి రికార్డుల కథ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇక్కడ జిల్లాలంటే 2016 అక్టోబరులో విభజన జరుగకముందున్న పాత జిల్లాలని పాఠకులు గ్రహించాలి. సూర్యాపేట, భువనగిరి అప్పుడు నల్లగొండలోనివి. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, నారాయణపేట మహబూబ్‌నగరులోనివి.

1853 నుంచి 1883 వరకు నిజాం రాజ్యానికి దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ ఏర్పాటు చేశాడు. పన్ను వసూలును గుత్తకిచ్చే పాత పద్ధతి తగ్గి, జీతం తీసుకొనే ఉద్యోగుల పాలన వచ్చింది. దాని వెనుకనే భూముల సర్వే మొదలైంది. సర్వే ముగిసిన గ్రామానికి సేత్వారు అనే మూల రిజిస్టరు తయారయ్యేది. ఏ సర్వే నంబరు ఎన్ని ఎకరాలు, తరీయా ఖుష్కీయా, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నది అందులో వ్రాసేవారు. ఏటేటా పొలం చూసి వ్రాసేది పహాణీ. ఎవరు దున్నారు, ఏ పైరు వేశారు అన్నది పహాణీలోనే కనబడుతుంది. 1317 ఫసలీలో హైదరాబాదు భూమిశిస్తు చట్టం వచ్చింది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది గనుక అది 1907. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు, జాగీరులు ఈ ఖాల్సా ఏర్పాటుకు వెలుపల ఉండి తమ లెక్కలు తామే వ్రాసుకొనేవి. ఒకే జిల్లాలో రికార్డులు రెండు మూడు దారులలో నడవడానికి ఇది మొదటి కారణం.

దస్త్రం పట్వారీది. ఊరికి అతని బలమంతా ఆ మూటలోనే ఉండేది. రికార్డు ఒక్కచోట, ఒక్కని చేతిలో ఉంటే దానిని దాచడం తేలిక, దిద్దడం తేలిక. అయినా ఆ కాలపు లెక్కలలో రెండు కాపులు ఉన్నాయి. పుట చివర ఎకరాలకు, శిస్తుకు మీజాను వేసేవారు. మధ్యలో ఒక అంకె దిద్దితే మీజాను తప్పుతుంది. దొంగ తెలివిగలవాడైతే ఇంకొక అంకెను కూడ దిద్ది సరిచేస్తాడనుకోండి, అది వేరు సంగతి. రెండవ కాపు కాగితమే. కొట్టివేత కనబడుతుంది, సిరా రంగు తేడా కనబడుతుంది, గీరినచోట కాగితం పలచబడుతుంది. మార్పు జరిగితే దాని మచ్చ మిగులుతుంది. ఈ మచ్చ అనే మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. కంప్యూటరు యుగంలో అసలు చిక్కు ఇదే.

1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణా సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా ముఖ్యకేంద్రం. ఆ రోజులలో అనేక గ్రామాలలో దొరల పత్రాలు, పట్వారీల దస్త్రాలు మంటలపాలైనవి. రైతు దృష్టిలో అవి అన్యాయానికి వ్రాతపూర్వకమైన ఆధారాలు. చరిత్రకారుని దృష్టిలో మాత్రం ఒకే ప్రతి ఉన్న రికార్డుకు ఎంతటి ప్రమాదం పొంచి ఉంటుందో చెప్పే సంఘటనలు. 1951 ఏప్రిల్ 18న అదే జిల్లాలోని పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం ఆ విధంగా నోటిమాటతో మొదలైంది. ఆ దానాలకు కాగితపు రూపం కల్పించడానికి చట్టాలు తరువాత చేయవలసి వచ్చింది.

ఈ అల్లకల్లోలం అణగిన పిమ్మట, 1358 ఫసలీ నాటి హక్కుల రికార్డు నిబంధన ప్రకారం, 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. తెలంగాణ భూమి వ్యాజ్యాలలో నేటికీ ముందుగా అడిగే పత్రం అదే. పట్టాదారుడెవరో, అనుభవంలో ఉన్నదెవరో రెండూ అందులో వేరువేరు గళ్ళలో ఉంటాయి. ఒకని పేర పట్టా, ఇంకొకని చేత నాగలి ఉన్న ప్రాంతంలో ఈ రెండు గళ్ళ మధ్య తేడాయే సగం వ్యాజ్యాలకు మూలం.

కోర్టు ఈ పత్రాలను ఎట్లా చూసేది? 1872 నాటి సాక్ష్య చట్టానికి ఒక మూలసూత్రం ఉన్నది: పత్రాన్ని రుజువు చేయాలంటే అసలు పత్రాన్నే తేవాలి. అది పోయినప్పుడో, ఎదుటివాడు ఇవ్వనప్పుడో నకలు చెల్లుతుంది. ప్రభుత్వ దస్త్రమైతే అధికారి సంతకం చేసిన నకలు చాలు. ముప్పది ఏండ్లు దాటిన పత్రం తగిన చోటినుంచి వస్తే, దాని సంతకాన్ని కోర్టు నిజమని భావించవచ్చు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులోని 11వ ఆర్డరు డిస్కవరీకి దారి చూపింది. కక్షిదారుడు తన వద్ద ఏ పత్రాలున్నవో ప్రమాణం మీద చెప్పాలి, చూడనివ్వాలి. ఈ నియమాలన్నిటి వెనుక ఒక చిత్రం దాగి ఉన్నది: పత్రమంటే ఒక వస్తువు, అది ఒకచోట ఉంటుంది, దానికి ఒక కాపలాదారు ఉంటాడు.

ఆ చిత్రం చెదరడం ఈ ప్రాంతంలో మెల్లగా మొదలైంది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పటేలు పట్వారీల వ్యవస్థను రద్దుచేసింది. వంశపారంపర్యంగా ఇళ్ళలో ఉన్న దస్త్రాలు కచేరీలకు చేరవలసి వచ్చింది, కొన్ని చేరలేదు. 1998 నవంబరులో రిజిస్ట్రేషను శాఖ ‘కార్డ్’ అనే పథకం క్రింద సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలలో కంప్యూటర్లు పెట్టింది. చేతితో నకలు వ్రాయడానికి బదులు దస్తావేజును స్కాన్ చేసి బొమ్మగా దాచడం అప్పుడు వచ్చింది. 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం సాక్ష్య చట్టంలో 65-బి అనే కొత్త సెక్షన్ చేర్చింది. కంప్యూటరులోని రికార్డును అచ్చుతీసి తెస్తే కోర్టు దానిని పత్రంగా స్వీకరిస్తుంది. కాని ఆ కంప్యూటరు సక్రమంగా పనిచేస్తున్నదని, మామూలు పనిలో భాగంగానే అందులో ఆ సమాచారం చేరిందని బాధ్యుడు ధ్రువపత్రం ఇవ్వాలి.

ఇంతలో విదేశాలలో వ్యవహారం వేడెక్కింది. న్యూయార్కులో ఒక బ్యాంకు ఉద్యోగిని యజమానిపై వేసిన వ్యాజ్యంలో, పాత ఈమెయిళ్ళను నిల్వ టేపులనుంచి వెతికి తీయాలా, ఆ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలు వచ్చాయి. 2003-2004 మధ్య న్యాయమూర్తి షైరా షిండ్లిన్ ఇచ్చిన ఉత్తరువులు ఈ శాస్త్రానికి పునాదిరాళ్ళుగా నిలిచాయి. వ్యాజ్యం వస్తుందని తెలిసిన క్షణంనుంచి పత్రాలను చెరపకుండా కాపాడడం కక్షిదారుని విధి అన్నది వాటి సారాంశం. 2006 డిసెంబరులో అమెరికా ఫెడరల్ నియమాలలో ఎలక్ట్రానిక్ సమాచారానికి ప్రత్యేకంగా చోటు కల్పించారు. అదే 2006 మార్చిలో అమెజాన్ సంస్థ ఎస్-3 అనే నిల్వ సౌకర్యాన్ని అద్దెకివ్వడం ప్రారంభించింది. చట్టం కంప్యూటరును పట్టుకొనేసరికి సమాచారం కంప్యూటరును వదలి క్లౌడులోకి వెళ్ళడం మొదలుపెట్టిందన్నమాట.

హైదరాబాదులో ఈ శాస్త్రానికి పెద్ద పరీక్ష 2009 జనవరి 7న బయటపడిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారం. ఆ సంస్థ బిల్లులు తయారుచేసే కంప్యూటరు వ్యవస్థలో 7,561 బూటకపు బిల్లులు ఉన్నట్లు దర్యాప్తు సంస్థలు చెప్పాయి. ప్రతి బిల్లుకు ఒక చిన్న గుర్తు ఉండేది. ఎస్ అక్షరమున్నవి అందరికీ కనబడేవి. హెచ్ అక్షరమున్నవి ఇతర విభాగాలకు కనబడకుండా మరుగున ఉండేవి. కట్టలకొద్దీ కాగితాలు తిరగవేసినా దొరకని సంగతి ఒక్క అక్షరంలో దొరికింది. 2015 ఏప్రిల్ 9న తీర్పు వచ్చేనాటికి 226 మంది సాక్షులను విచారించి, సుమారు 3,000 పత్రాలను కోర్టు ముందుంచారు. అయితే అక్కడి యంత్రాలు సంస్థ సొంతవి, సంస్థ ఆవరణలోనే ఉన్నవి. దర్యాప్తు అధికారి వెళ్ళి వాటిని స్వాధీనం చేసుకోగలిగాడు. క్లౌడులో ఆ వీలు లేదు.

క్లౌడ్ అంటే మేఘం కాదు, మేఘంలో ఉండేదీ కాదు. ఎవరి యంత్రమో, ఎవరి భవనమో; అవసరమైనంత నిల్వను, లెక్కకట్టే శక్తిని అద్దెకు తీసుకోవడమే అది. ఒక ఫైలును అక్కడ ముక్కలుచేసి, ఒక్కొక్క ముక్కకు కొన్ని ప్రతులు తీసి, వేరువేరు యంత్రాలపై ఉంచుతారు. ఒక యంత్రం పాడైతే మరొక ప్రతి నుంచి సరిచేసుకుంటారు. దస్త్రాలు తగులబడితే రికార్డు పోయిన కాలంతో పోల్చితే ఇది గొప్ప రక్షణ. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదు చుట్టుప్రక్కల తన కేంద్రాలను ప్రారంభించింది. అదే ఏడు మార్చిలో మైక్రోసాఫ్ట్ తన కేంద్రాలను ప్రకటించింది. వాటికి భూములు కొన్న చోట్లలో షాద్‌నగర్, కొత్తూరు ప్రాంతం ఒకటి. 2016 దాకా అది మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. కనుక ఆ క్లౌడ్ కేంద్రం క్రింది నేలకు కూడ ఒక సర్వే నంబరు, ఒక ఖాస్రా పహాణీ ఉన్నాయి.

ఇట్టి ఏర్పాటులో 65-బి సెక్షన్ అడిగే ‘ఆ కంప్యూటరు’ ఏది? దాని బాధ్యుడెవరు? అసలు పత్రం ఎక్కడ? సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో ధ్రువపత్రం తప్పనిసరి అన్నది. 2018లో కొంత సడలించింది. 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు కేసులో మళ్ళీ తప్పనిసరి చేసింది. లాప్‌టాప్ యజమాని దానినే కోర్టుకు తెచ్చి సాక్ష్యం చెబితే ధ్రువపత్రం అక్కరలేదనీ, కోర్టుకు తేవడానికి వీలుకాని వ్యవస్థలో రికార్డు ఉంటే ధ్రువపత్రం ఒక్కటే మార్గమనీ ఆ తీర్పు విడదీసి చెప్పింది. క్లౌడ్ ఈ రెండవ కోవలోనిది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్‌లో ధ్రువపత్రానికి రెండు భాగాలు పెట్టింది. ఒకటి బాధ్యుడు ఇవ్వాలి, రెండవది నిపుణుడు ఇవ్వాలి. రెండింటిలోను రికార్డు హాష్ విలువ వ్రాయాలి.

హాష్ అనేది మీజానుకు మనుమడు. ఫైలులోని అక్షరాలన్నిటినీ ఒక గణిత ప్రక్రియలో పెడితే ఒక స్థిరమైన పొడవున్న సంఖ్య వస్తుంది. ఎస్‌హెచ్ఏ-256 అనే పద్ధతిలో ఆ సంఖ్యకు 256 బిట్లు, అంటే 64 చిహ్నాలు ఉంటాయి. వేయి పుటల ఫైలులో ఒక్క కామా మార్చినా ఆ 64 చిహ్నాలు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. పాత మీజానును రెండు అంకెలు దిద్ది మోసం చేయవచ్చు; దీనిని చేయలేరు. అయితే అన్ని హాష్ పద్ధతులూ ఇంత గట్టివి కావు. ఎండీ-5 పద్ధతిలో రెండు వేరువేరు ఫైళ్ళకు ఒకే సంఖ్య తెప్పించవచ్చునని 2004లోను, ఎస్‌హెచ్ఏ-1లో కూడ అది సాధ్యమేనని 2017లోను చేసి చూపించారు. అయినా కొత్త చట్టపు నమూనా ధ్రువపత్రంలో ఈ రెండింటి పేర్లూ ఎస్‌హెచ్ఏ-256 సరసనే అచ్చయినాయి. ఇరవై ఏండ్ల నాటి పగులు తెలిసి కూడ ఆ కుండను వరుసలో పెట్టడం వింతగానే ఉన్నది.

హాష్ ఒక్క సంగతే చెబుతుంది: సంఖ్య తీసిన క్షణం తరువాత ఫైలు మారలేదు. అంతకుముందు మారిందా అన్నది చెప్పదు. అక్కడే మచ్చ ప్రశ్న మళ్ళీ వస్తుంది. కంప్యూటరులో ఒక పేరు తీసి మరొక పేరు పెడితే తెరమీద ఏ గీరుడూ ఉండదు. ఎవరు, ఏ రోజు, ఏ గంటకు, ఏ యంత్రం నుంచి మార్చారో వ్రాసిపెట్టే లాగ్ అనే చిట్టా విడిగా ఉంటేనే ఆ మార్పుకు ఆనవాలు దొరుకుతుంది. నకలు నేటి స్థితిని చూపుతుంది. చిట్టా దాని చరిత్రను చూపుతుంది. భూమి వ్యాజ్యంలో రైతుకు కావలసింది తరచు రెండవదే.

2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళన ప్రారంభించింది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే పూట కావడం దానివలన కలిగిన మేలు. కాని అనుభవదారు గడి దానిలో లేదు. తప్పు పడితే సరిదిద్దే అధికారం క్రింది అధికారులకు ఆనాటి చట్టం ఇవ్వలేదు. వివాదముందన్న భూములను పార్టు-బి అనే కోవలో ప్రక్కన పెట్టారు. ఖాస్రా పహాణీలో వేరుగా ఉన్న రెండు గళ్ళు ఒక్కటైపోయినవి.

దేవరకొండ ప్రాంతపు వ్యాజ్యం ఒకటి ఊహించుకోండి. తాత పేర ఖాస్రాలో ఆరెకరాలు. తండ్రి కాలంలో సాదా బైనామా మీద మరో రెండెకరాలు కొన్నారు, రిజిస్ట్రేషను లేదు. మనుమడు పనికోసం బొంబాయి పోయి వచ్చేసరికి ఎనిమిదింటిలో మూడెకరాలు ప్రక్కవాని పేర కనబడ్డాయి. ఇప్పుడు వకీలు వెతకవలసిన చోట్లు ఎన్ని? సేత్వారు ఉర్దూలో ఉన్నది. ఉర్దూ వ్రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా వ్రాయరు గనుక ఎల్లయ్య, యల్లయ్య, ఐలయ్య పేర్లు ఒకదానికొకటి పొరబడతాయి. స్కాన్ చేసిన పహాణీ ఒక బొమ్మ. దానిలో అక్షరాలను వెతకాలంటే ముందు వాటిని చదివే కార్యక్రమం ఉండాలి, చేతివ్రాతను అది తరచు తప్పు చదువుతుంది. రిజిస్ట్రేషను దస్తావేజు వేరొక నిల్వలో ఉన్నది. పంట అప్పు లెక్క బ్యాంకులో ఉన్నది. సాదా బైనామా ఫోటోను అన్న తన ఫోనునుంచి వాట్సాప్‌లో పంపినాడు; ఫోను పోయినా ఆ సంభాషణ ప్రతి గూగుల్ నిల్వలో ఉండవచ్చును. చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, పోర్టల్ చిట్టా. ముందుగా వీటిలో ఏదీ చెరిగిపోకుండా నోటీసు ఇవ్వాలి, తరువాత హాష్ తీసి ప్రతులు సేకరించాలి, పేర్ల రూపభేదాలన్నిటితో వెతకాలి, ఒకే పత్రం పది ప్రతులుగా వస్తే తొమ్మిదింటిని తీసివేయాలి, మిగిలినవి చదవాలి. నేడు పెద్ద కంపెనీల న్యాయవాదులు ఈ పని అంతటినీ క్లౌడులోనే చేస్తున్నారు. లక్ష పత్రాలను ఒకచోట చేర్చి, పది ఊళ్ళలో ఉన్నవారు ఒకేసారి చదివి గుర్తులు పెట్టే వీలు అందులో ఉన్నది. ఎవరు ఏ పత్రం తెరిచారో ఆ చిట్టా కూడ మిగులుతుంది.

2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం, వాణిజ్య వ్యాజ్యాలలో ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరు, ఎప్పుడు, ఏ మూలంనుంచి తీశారో ప్రమాణం మీద చెప్పాలన్నది. ఇంత కట్టుదిట్టమైన నియమం వ్యాపారి తగాదాకు ఉన్నది గాని, సేద్యపు భూమి తగాదాకు లేదు. రైతు వకీలు 1908 నాటి ఆర్డరుతోనే పని గడుపుకోవాలి. దీనిని సమర్థించడానికి కారణం కనబడదు. మూడెకరాల చిట్టా కంపెనీ బిల్లుల చిట్టాకంటె తక్కువ విలువైనది కాదు.

ధరణి నిర్వహణ 2024లో ప్రైవేటు సంస్థ చేతినుంచి కేంద్రప్రభుత్వ జాతీయ సమాచార కేంద్రానికి మారింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైంది. తప్పులు సరిదిద్దడానికి, అప్పీలు చేసుకోవడానికి కొత్త చట్టం దారి ఇచ్చింది. దానిని మొదట ప్రయోగించి చూసిన నాలుగు మండలాలలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. అక్కడి రైతు ఎవరైనా 2017కు, 2025కు మధ్య తన సర్వే నంబరుపై జరిగిన మార్పుల చిట్టాను కోర్టులో పెట్టించదలిస్తే, ఆ చిట్టా రెండు సంస్థల చేతులు దాటి వచ్చి ఉంటుంది. ధ్రువపత్రం మొదటి భాగం మీద ఏ సంస్థ అధికారి సంతకం చేయాలన్నది మొదటి ప్రశ్న. రెండవ భాగం మీద సంతకం చేయవలసిన నిపుణుడు మద్దూరు దగ్గరలో ఎక్కడ దొరుకుతాడు, అతని రుసుము ఎవరు భరించాలి అన్నది రెండవది.